అరవై ఒకటో ఏట వీణ: వేళ్ళు మాట వినడం లేదు, మానేయమంటారా?

కౌంటర్ నంబర్ మూడు | రాజమండ్రి | ఆదివారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు చేసి నిరుడు రిటైరయ్యాను. సర్వీసులో సగానికి పైగా క్యాష్ కౌంటర్లోనే గడిచింది. నోట్ల కట్ట చేతికిస్తే ఇప్పటికీ కళ్ళు మూసుకుని లెక్కపెడతాను. వందలో ఒక్కటి తగ్గినా బొటనవేలికి తెలిసిపోతుంది. అలాంటి వేళ్ళు వీణ మీద పెడితే వంకాయ తొడిమల్లా ఉంటున్నాయి.

వీణ మా ఆవిడది. పెళ్ళికి పుట్టింటి నుంచి తెచ్చుకుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన ఏకాండి, అంటే కుండ, దండి అన్నీ ఒకే పనస దుంగలోంచి తీసింది. పెద్దవాడు పుట్టాక గుడ్డ చుట్టి మంచం కింద పెట్టేసింది. పాతికేళ్ళకి పైగా ఎవరూ ముట్టుకోలేదు. నేను బయటికి తీసేసరికి వీణ మీద వేళ్ళు నొక్కే మెట్ల కింద మైనం ఎండి పగుళ్ళిచ్చింది. ఇరవై నాలుగు మెట్లూ మళ్ళీ వేయించాను.

ఎనిమిది నెలలుగా వారానికి రెండు రోజులు క్లాసుకి వెళ్తున్నాను. టీచర్ గారికి ఇరవై ఆరేళ్ళు ఉంటాయి. మా బ్యాచ్‌లో నలుగురు పిల్లలూ నేనూ. దసరాలకి చేరిన మూడో క్లాసు పిల్ల అప్పుడే గీతం, అంటే మొదట నేర్పే చిన్న పాట, వాయిస్తోంది. నేనింకా అలంకారాల్లోనే, అంటే ఒక్కో తాళంలో చేసే స్వర సాధనలోనే ఉన్నాను, అదీ ఝంప తాళం దగ్గర. కుడిచేతి చిటికెన వేలితో పక్కనున్న తాళం తీగెలు మీటాలి కదా, అది ఎప్పుడూ అర మాత్ర ఆలస్యంగానే వస్తుంది. నోట్లు లెక్కపెట్టినన్నాళ్ళూ ఆ వేలికి కట్టని ఆనుకుని ఉండడం తప్ప పనే లేదు. ఇప్పుడు పని చెబితే దానికి కోపం.

ఇంట్లో సాధన చేస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి "గాంధారం!" (సరిగమల్లో గ) అని ఒక్క మాట అంటుంది. ఇంకేమీ అనదు. మొన్న ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాను. పది సెకన్లు విని తీసేశాను.

మానేయమంటారా? లేక ఇలాగే ఇంకెన్నాళ్ళు?

బెజవాడ బుల్లోడు | విజయవాడ | ఆదివారం, ఉదయం 7:15

బాబాయ్ గారూ, వీణెందుకండీ ఈ వయసులో. కీబోర్డు కొనుక్కోండి. యూట్యూబ్ చూసి నెల తిరక్కుండా నాలుగు పాటలు వాయించేయొచ్చు. నేనలాగే నేర్చుకున్నా. అయినా పీవీ నరసింహారావు గారు అరవై దాటాక కంప్యూటర్ నేర్చుకుని ప్రోగ్రాములు రాశారు. మీకు వీణో లెక్కా?

కౌంటర్ నంబర్ మూడు | ఆదివారం, ఉదయం 7:32

బాబూ, ఆయనకి ఎన్ని భాషలొచ్చో మీకు తెలుసుగా. నాకు తెలుగు ఒకటీ, బ్యాంకు ఇంగ్లీషు ఒకటీ. ఆ పోలిక తీసి గట్టున పెట్టండి.

తంబుర | విజయనగరం | ఆదివారం, ఉదయం 9:05

పాతికేళ్ళుగా వీణ చెబుతున్నాను. పెద్దవాళ్ళ బ్యాచ్ వేరేగా ఉంది. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

ముందు ఆ మూడో క్లాసు పిల్ల సంగతి. తన తప్పు తనకి వినపడదు. అది పిల్లలకి ఉన్న వరం. మీకు వినపడుతోంది. పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగిన చెవి మీది. మంచి వీణ ఎలా పలుకుతుందో దానికి తెలుసు. చెవికి యాభై ఏళ్ళ అనుభవం, వేలికి ఎనిమిది నెలలు. ఒకే ఇంట్లో ఉంటే గొడవ రాదా? నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు మానేసేది చాలావరకు ఆ గొడవ వల్లే. వేళ్ళు వంగక మానేసినవాళ్ళు తక్కువ.

రెండోది, మీ మొదటి పాఠాలన్నీ నడిచే మాయామాళవగౌళ రాగాన్ని తేలిగ్గా తీసుకోకండి. పురందరదాసు ఈ వరుస పెట్టారంటారు. ఎందుకు పెట్టారో వీణ మీద చూస్తే కళ్ళకి కనపడుతుంది. సారణి, అంటే వాయించే ముఖ్యమైన తీగె, విడిగా మీటితే షడ్జం (స). తర్వాత స్వరాలు ఒకటో మెట్టు, నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది, పదకొండు, పన్నెండు. స నుంచి మ దాకా వేళ్ళు ఎలా నడిచాయో ప నుంచి పై స దాకా సరిగ్గా అలాగే నడుస్తాయి. పక్క మెట్టు, పెద్ద అంగ, మళ్ళీ పక్క మెట్టు. ఒక నడక నేర్చుకుంటే రెండు సగాలూ వచ్చేసినట్టే. క్యాషియర్ గారికి ఈ లెక్క నచ్చుతుందనుకుంటున్నా.

రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, తడబడుతుంటే ఒకటో కాలాన్నే ఇంకా నెమ్మది చేయండి. రోజూ ఇరవై నిమిషాలు, పొద్దున్న. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చుంటే లాభం లేదు. గీతానికి తొందరపడకండి. ఏడు అలంకారాలూ మూడు కాలాల్లో నిలబడ్డాకే గీతం.

మద్దెలమోత | కాకినాడ | ఆదివారం, ఉదయం 11:48

తంబుర గారి మీద గౌరవం ఉంది గానీ ఆఖరి వాక్యం దగ్గర నేను ఒప్పుకోను. నేను మృదంగం వాడిని, పెద్దవాళ్ళకే ఎక్కువ చెబుతాను. ఏడేళ్ళ పిల్లాడికి ముందు బోలెడు కాలం ఉంది, సరళీ స్వరాలు ఏడాది చెప్పినా వాళ్ళమ్మ తీసుకొస్తుంది. అరవై ఏళ్ళాయన ఎవరూ తీసుకురాకుండా ఆటో ఎక్కి తనే వస్తున్నాడు. ఆయన ఆటో ఎందుకెక్కుతున్నాడో ఆ కారణం ఒక్కటైనా మూడో నెలకి చేతిలో పెట్టకపోతే నాలుగో నెలకి రాడు.

నా దగ్గరో హోటలాయన ఉన్నారు. గుడి భజనలో వాయించాలని వచ్చారు. తకధిమి తకజణు చెబుతూనే రెండో నెలకి భజన నడక ఒకటి ఇచ్చేశాను. ఆ నడక కోసం ఆయన చేసిన సాధనతో పాఠాలు కూడా బాగుపడ్డాయి.

తంబుర | ఆదివారం, మధ్యాహ్నం 12:20

చర్మవాద్యానికీ తంత్రీవాద్యానికీ తేడా లేదాండీ? ఇక్కడ స్వరస్థానం తప్పుగా అలవాటైతే తర్వాత దాన్ని వదిలించడానికి రెండింతలు పడుతుంది. అలా నా దగ్గరికి వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో.

మద్దెలమోత | ఆదివారం, మధ్యాహ్నం 12:31

మధ్యలో మానేసి మీ దగ్గరికి రాకుండా పోయినవాళ్ళని కూడా లెక్కేయాలి కదండీ.

గోళీసోడా | గుంటూరు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

ఫిజియో ఒంగోలు | ఒంగోలు | ఆదివారం, మధ్యాహ్నం 3:10

సంగీతం సంగతి పెద్దలు చూసుకుంటారు, నేను కీళ్ళ సంగతి చెబుతా. కౌంటర్ గారూ, మీకు షుగర్ ఉందా? ఉంటే పొద్దున్నే వేలు ముడుచుకుని, తెరిచేటప్పుడు టక్కుమంటోందేమో చూసుకోండి. దాన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటాం. షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. అది సాధనతో పోయేది కాదు, డాక్టరుకి చూపించాలి. అది లేకపోతే గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు చేతులు పెట్టుకుని మొదలుపెట్టండి. తీగె ఒరుసుకుని వేలి కొస మంట పుట్టడం మామూలే. కీలు లోపల నొప్పి మాత్రం మామూలు కాదు, వస్తే ఆ రోజుకి ఆపేయాలి.

నేల మీద బాసిపట్టు పడకపోతే కుర్చీలో కూర్చుని వీణని ఎత్తుపీట మీద పెట్టుకోండి. అదేం నామోషీ కాదు.

కౌంటర్ నంబర్ మూడు | ఆదివారం, సాయంత్రం 5:02

షుగర్ ఉంది, మాత్రల మీద కంట్రోల్లోనే ఉంది. టక్కుమనడం లేదు. మోకాళ్ళ సంగతి అడక్కుండానే ఎలా కనిపెట్టారండీ బాబూ. క్లాసు అయ్యాక లేవడానికి ఆ పిల్లలే చెయ్యి అందిస్తారు.

తంబుర గారూ, 1, 4, 5, 7, 8, 11, 12. కాగితం మీద రాసి గోడకి అంటించాను. ఎనిమిది నెలల్లో ఇది నాకు తట్టలేదు చూడండి.

స్కూటీ సుజాతక్క | కరీంనగర్ | ఆదివారం, రాత్రి 9:30

అన్నా, నాకు పాటలు రావు, వీణ రాదు. నేను యాభై రెండేండ్లకు స్కూటీ నేర్చుకున్న. చిన్నప్పుడు సైకిల్ గూడ తొక్కలె. మా ఆయన నేర్పిస్త అన్నడు, మూడు రోజులకే ఇద్దరి మధ్య మాటల్లేవు. తర్వాత మా అన్న బిడ్డ నేర్పింది, ఇరవై ఏండ్ల పిల్ల. పొద్దుగాల ఐదింటికి కాలేజ్ గ్రౌండుకు తోల్కపోయేది, ఎవ్వరు చూడకుంట.

మొదటి వారం బండి స్టార్టే చెయ్యనియ్యలె. సీటు మీద కూసొని రెండు కాళ్ళతోటి నూక్కుంట పొమ్మన్నది. నాకు సిగ్గైంది. కానీ బ్యాలెన్స్ గట్లనే వచ్చింది. రెండో వారం బండి నడిపిన, నడిపితే తిన్నగ పోయి గుంతల పడ్డ. గుంత దిక్కు చూస్తే గుంతలకే పోతది అత్తమ్మా, దూరం చూడు అన్నది. ఇంకో మాట గూడ అన్నది: హ్యాండిల్‌ను గంత గట్టిగ పట్టుకోకు, అది పారిపోదు. నేను బకెట్ పట్టుకున్నట్టు పట్టుకుంటున్న. చేతులు గట్టిగైనకొద్ది బండి ఊగుడు ఎక్కువైతది. వదులు చెయ్యంగనే తిన్నగైంది.

ఎల్ఎల్ఆర్ తీసుకున్న నెల తర్వాత టెస్టుకు పోయిన. ఎనిమిది ఆకారంల తిప్పాలె. ఒకసారి కాలు కింద పెట్టిన, ఫెయిల్. రెండోసారి పాస్. ఇప్పుడు మార్కెట్‌కు, బ్యాంకుకు, ఎటు పోవాలన్న నేనే. మా ఆయన వెనుక కూసుంటడు.

లాంతరు | నెల్లూరు | సోమవారం, ఉదయం 5:50

సుజాతక్క గారి పోస్టు చదివి నిద్రపోతే రాత్రంతా పాత సంగతులే గుర్తొచ్చాయి.

నాకూ సంగీతం తెలియదు. కానీ పెద్దవాళ్ళకి అక్షరాలు చెప్పాను. 1991లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు నాకు 22 ఏళ్ళు, ఊళ్ళో వాలంటీర్ని. పగలంతా కూలికి పోయి, వచ్చి వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి ఎనిమిదింటికి వచ్చేవాళ్ళు ఆడవాళ్ళు. మొదటి వారం నాకు ఖర్చయిందంతా బలపాలే. పలక మీద పెట్టగానే పుటుక్కున విరిగిపోయేవి. చేతకాకనుకున్నాను. తర్వాత ఒకామె చెయ్యి పట్టుకుని రాయించబోతే అర్థమైంది. కొడవలి పట్టే పట్టుతో బలపం పట్టుకుంటోంది. ముప్పై ఏళ్ళు వరి కోసిన చెయ్యి అది. గట్టిగా పట్టకపోతే జారుతుందని ఆ చేతికి తెలుసు. ఆ పట్టు వదులు చేయించడానికే వారం పైన పట్టింది. గాల్లో సున్నాలు చుట్టించాను, ముగ్గు వేయించాను. ముగ్గు వేసేటప్పుడు ఆ చెయ్యే ఎంత మెత్తగా ఉండేదో! అక్కణ్ణించి 'ర' అక్షరంలోకి వచ్చాం.

కౌంటర్ గారూ, మీరు తీగెని నోట్ల కట్టని నొక్కినట్టు నొక్కుతున్నారేమో ఒకసారి చూసుకోండి. తెలియక అంటున్నాను, తప్పయితే క్షమించండి.

ఇంకోటి, పైన జరుగుతున్న వాదన గురించి. మా వాచకంలో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళ పాఠం ఒకటుండేది. అప్పటిదాకా ఆవలిస్తూ కూర్చున్నవాళ్ళు ఆ పాఠానికి లేచి కూర్చున్నారు. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్ళో పాఠంతో ఆగలేదు, నిజంగానే వెళ్ళి సారా ఆపించారు. అక్కడ అంటుకున్నది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వచ్చింది. పెద్దవాళ్ళకి కావాల్సింది ముందు పెట్టాలన్న మద్దెలమోత గారి మాట నాకు అందుకే నచ్చింది.

తంబుర | సోమవారం, ఉదయం 8:25

లాంతరు గారూ, క్షమించడమా! ఎనిమిది నెలలుగా ఆ వంటింటి గాంధారం ఏమిటో మీరు పట్టేశారు. నాకు తట్టనందుకు సిగ్గుగా ఉంది.

వీణ మెట్టు ఎత్తుగా ఉంటుంది, కింద చెక్కకి తీగె ఆనదు. కాబట్టి మెట్టు వెనక వేలు ఎంత అదిమితే తీగె అంత బిగుసుకుని స్వరం పైకి పోతుంది. నాలుగో మెట్టు మీద గాంధారం సరిగ్గానే ఉంటుంది, అదిమితే మాత్రం మధ్యమం (మ) వైపు ఎగబాకుతుంది. కౌంటర్ గారూ, మేడమ్ గారు అంటున్నది "గాంధారం ఎక్కువైంది" అని అయ్యుంటుంది. కనుక్కోండి.

ఇలా చేయండి. తీగె మీద వేలు ఊరికే ఆనించి మీటండి, మొద్దు శబ్దం వస్తుంది. కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ మీటుతూ ఉండండి. ఒకచోట స్వరం తేటగా పలుకుతుంది. అంతే బరువు, ఇంకొక్క పిసరు కూడా వద్దు. ఎడమచేతి చూపుడు వేలికీ మధ్య వేలికీ కొబ్బరినూనె చుక్క రాసుకోండి.

జెర్సీ నానమ్మ | న్యూజెర్సీ | సోమవారం, ఉదయం 8:58

ఇక్కడ ఇంకా ఆదివారం రాత్రే. నాకు అరవై ఆరు. మనవరాలి కోసం ఆన్‌లైన్లో వీణ టీచర్ని పెడితే మనవరాలు మానేసింది, నేను అందుకున్నాను. ఆన్‌లైన్లో నేర్చుకునేవాళ్ళకి రెండు మాటలు. ఒకటి, జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, అది ఆన్ చేయండి. లేకపోతే ఆ యాప్ తంబుర శ్రుతిని ఫ్యాన్ చప్పుడనుకుని నొక్కేస్తుంది. మూడు నెలలు మా టీచరు నా వీణలో నాదం లేదనుకున్నారు. రెండోది, ఇద్దరూ కలిసి తాళం వేయడం కుదరదు, శబ్దం అటు చేరేలోపు ఆలస్యమవుతుంది. ఆవిడ వాయిస్తారు, నేను వింటాను, తర్వాత నేను వాయిస్తాను.

ఎవరి దగ్గరైనా మంచి వీణ అమ్మకానికి ఉంటే నా నంబరు [తొలగించబడింది]

మోడరేటర్ | సోమవారం, ఉదయం 9:10

నానమ్మ గారూ, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. వాద్యాల కొనుగోలు, అమ్మకాలకి వేరే థ్రెడ్ పైన పిన్ చేసి ఉంది.

కౌంటర్ నంబర్ మూడు | సోమవారం, రాత్రి 8:15

అడిగాను. "గాంధారం ఎక్కువైందనేనా నువ్వనేది?" అంటే, "మరేమిటనుకున్నారు? ఎనిమిది నెలల్నుంచి చెబుతున్నాగా" అంది. మూడక్షరాల మాటలో ఎక్కువో తక్కువో నాకెలా తెలుస్తుంది! నేనేమో తక్కువైందనుకుని ఇంకా గట్టిగా అదుముతూ వచ్చాను.

కొబ్బరినూనె రాసి, బరువు తగ్గించి వాయించాను. వేలి కొసల మీద తీగె గీతలు రెండు పడి ఉండేవి, అవి కూడా తక్కువగా పడ్డాయి. వంటింట్లోంచి ఏ మాటా రాలేదు. ఊళ్ళో లేదేమోనని వెళ్ళి చూశాను. పప్పు పోపు పెడుతోంది.

స్కూటీ సుజాతక్క | సోమవారం, రాత్రి 8:40

నేను చెప్పలేదా అన్నా, అది పారిపోదని.

కౌంటర్ నంబర్ మూడు | రాజమండ్రి | ఏడు వారాల తర్వాత, శనివారం, ఉదయం 7:20

పాత థ్రెడ్ పైకి తెస్తున్నందుకు మన్నించండి. ఏమైందో చెప్పమని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు.

తంబుర గారి మాటా మద్దెలమోత గారి మాటా రెండూ మా టీచర్ గారికి చూపించాను. ఆవిడ నవ్వి, రోజూ ముందు ఇరవై నిమిషాలు అలంకారాలు చేస్తానంటే గీతం మొదలుపెడదాం అంకుల్ అన్నారు. మలహరి రాగం. మాయామాళవగౌళలోంచి పుట్టిందే కాబట్టి కొత్త మెట్లేమీ ఉండవు, తేలిక అనుకున్నాను. తేలిక కాదు! ఆరోహణలో గాంధారం లేదు, నిషాదం (ని) అసలే లేదు. స రి తర్వాత తిన్నగా మధ్యమానికి వెళ్ళాలి. తొమ్మిది నెలలుగా నాలుగో మెట్టు మీద కాలు పెట్టి నడిచిన వేలు, వద్దన్నా అక్కడే ఆగుతోంది. రావాల్సినన్నాళ్ళు సరిగ్గా రాని గాంధారం, అక్కర్లేని చోట పిలవని పేరంటంలా వచ్చి కూర్చుంటోంది.

ఝంప తాళం ఒకటో కాలం నిలిచింది. చిటికెన వేలు ఇంకా అలుగుతూనే ఉంది గానీ పదిసార్లలో ఆరుసార్లు వేళకే వస్తోంది. కుర్చీ, ఎత్తుపీట ఏర్పాటు చేసుకున్నాను. ఫిజియో గారికి నా మోకాళ్ళ తరఫున కృతజ్ఞతలు.

మొన్న సారణి తెగింది. కొత్తది కట్టడం నాకు రాక చూస్తూ కూర్చుంటే మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, బిరడా తిప్పి తీగె ఎక్కించింది. శ్రుతి సరిచూస్తానని కూర్చుంది. కూర్చుని, జంట స్వరాలు వాయించబోయింది. వేళ్ళు తిరగలేదు. కాసేపు చేతులకేసి చూసుకుంది. నేను గాంధారం గురించి ఏదో అనబోయి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఐదున్నరకి లేచేసరికి వీణ దగ్గర ఆవిడ ఉంది. ఆ రోజు నుంచీ ఇదే వరస. ఐదున్నర నుంచి ఏడు దాకా వీణ ఆవిడది. వీణ నీదే, కాదనను, కానీ నా ఇరవై నిమిషాల సంగతేమిటి అంటే, "మీరు రిటైరయ్యారుగా, పగలు వాయించుకోండి" అంటోంది. పగలు కింది వాటాలో పసిపాప పడుకుంటుంది.

మోడరేటర్ గారూ, ఆ అమ్మకాల థ్రెడ్ పైన పిన్ చేసి ఉందన్నారు, నాకు కనపడటం లేదు. లింకు కొంచెం పెడతారా?